ఐదో గొంతు

బొనారియాకి ఆ చలికాలమంతా కుడి మోకాలు ఒక పక్క, లుస్సోరియో మేష్టారు ఇంకో పక్క. రెండూ మాట వినే రకం కాదు. పొద్దున్న ఆరింటికి సముద్రం ఒడ్డు కొండ మీది హోటల్లో నేల తుడవడం మొదలుపెడితే, పదకొండో గది పూర్తయ్యేసరికి రెండయ్యేది. రెండున్నరకి సస్సారి నగరానికి బస్సు. సీట్లో కూలబడ్డ మరుక్షణం కునుకు. నాలుగింటికి క్లాసు.

పని పోయినవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన కోర్సు అది. శబ్దాన్ని పట్టడం, కడగడం, కూర్చడం నేర్పిస్తారు. బొనారియా ఇరవై ఆరేళ్లు పనిచేసిన బిరడాల ఫ్యాక్టరీ మూతపడింది కాబట్టి ఆమెకీ అర్హత ఉంది. కోర్సు ముగిశాక ఇద్దరిని నగరంలోని నాటకశాలలోకి తీసుకుంటారట. శబ్దం పెట్టెల ముందు కూర్చుని చేసే పని. ఆ "కూర్చుని" అన్న మాట చదివే ఆమె దరఖాస్తు పెట్టింది. యాభై రెండేళ్లొచ్చాయి, ఇక కూర్చోవాలి.

మొదటి వారం మేష్టారు యంత్రాల జోలికే పోనివ్వలేదు. కళ్లు మూసుకుని గదిలో ఎన్ని చప్పుళ్లున్నాయో రాయమన్నాడు. క్లాసులో మిగతావాళ్లు ఆరో ఏడో రాశారు. బొనారియా పంతొమ్మిది రాసింది. మేష్టారు ఆ చీటీని దూరంగా పట్టుకుని చదివాడు.

"పంతొమ్మిదోది ఏమిటమ్మా? 'నా పిల్లికూత'?"

"నా ఊపిరిలో ఉంటుంది మేష్టారూ. చిన్నప్పటి నుంచీ ఉంది. హోటల్లో మేం చల్లే మందులకి ఇంకా ముదిరింది."

"దాన్ని కూడా లెక్కేశావా?"

"గదిలోనే ఉంది కదండీ. నాతోపాటే వచ్చింది."

మేష్టారు నవ్వలేదు. ఆయన నవ్వగా చూసినవాళ్లు ఎవరూ లేరు. చీటీని మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత పాఠాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. మైకుని జానెడు ఇటు జరిపితే మనిషి మారిపోతాడు. మీటరు ముల్లు ఎర్రగీత దాటితే ఆ మాట పగిలిపోతుంది, మళ్లీ అతకదు. రెండు మైకులు ఒకే గొంతుని కాస్త వెనకా ముందుగా వింటే, ఒకదాన్నొకటి తినేస్తాయి. ఏదన్నా వినపడకపోతే దాన్ని పెంచకు, దాని మీద కూర్చున్నదేదో చూసి దాన్ని తగ్గించు. ఇవన్నీ బొనారియా హోటల్ కాగితాల వెనక రాసుకునేది. దుప్పట్లు మారుస్తూ మనసులో వల్లించుకునేది. నిజం చెప్పాలంటే పాఠాలు ఆమెకి బాగానే ఎక్కేవి. ఒళ్లే సహకరించేది కాదు.

చివరి పరీక్ష ఒకటే. ఎవరి ఊరి శబ్దం ఏదైనా పది నిమిషాలు పట్టి తేవాలి. బయటి నుంచి ఏమీ కలపలేదని పట్టినవాళ్లు సంతకం పెట్టాలి. మా శబ్దం ఇదే, ఇలాగే ఉంటుందని పాడినవాళ్లు సంతకం పెట్టాలి. ఈస్టర్‌కి మూడు వారాల ముందు గడువు.

బొనారియా ఊళ్లో పట్టదగ్గ శబ్దం ఏదని అడిగితే చంటిపిల్ల కూడా చెబుతుంది. అక్కడి చర్చి సోదర సంఘంలో నలుగురు మగాళ్లు భుజం భుజం కలిపి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని శోక కీర్తన పాడతారు. నలుగురు పాడితే ఐదు గొంతులు వినపడాలి. నలుగురి స్వరాలూ, నలుగురి అచ్చులూ సరిగ్గా ఒకటైనప్పుడు, వాళ్ల తలల మీదుగా సన్నగా ఒక ఆడగొంతు లేస్తుంది. పాడేవాళ్లు ఎవరూ ఉండరు, గొంతు మాత్రం ఉంటుంది. దాన్ని "ఆవిడ" అంటారు. ఆవిడ వచ్చిందా, రాలేదా అన్నదే ఆ ఊళ్లో పాట గురించి అడిగే ప్రశ్న. నలుగురిలో ఇద్దరికి మనస్పర్థ ఉంటే ఆవిడ రాదని కూడా అంటారు.

మనస్పర్థ ఉండనే ఉంది. మంద్రం పాడే బైంజు బొనారియా అన్నయ్య. అతని పక్కన నిలబడి పాడే తోమేయు పడవలు బాగుచేస్తాడు. రెండేళ్ల కిందట ఒక బారసాలలో, మూడో గ్లాసు దిగాక, బైంజు గొంతు గంట మింగిన మేకలా ఉందని తోమేయు అన్నాడు. అందరూ నవ్వారు. బైంజు నవ్వలేదు. అప్పటి నుంచి మాటల్లేవు. అయినా సంఘం పెద్ద మత్తియు తాత ఇద్దర్నీ పక్కపక్కనే నిలబెడతాడు, ఎందుకంటే ఆ రెండు గొంతులకి బదులు ఊళ్లో వేరే లేవు.

సాధనకి ఆడవాళ్లని రానివ్వరు. బొనారియా ఆ కీర్తన నాలుగు భాగాలూ వంటింటి గోడ ఇవతల నుంచి నేర్చుకుంది. వాళ్ల నాన్న అన్నయ్యకి బల్ల దగ్గర నేర్పిస్తుంటే, ఆమె గిన్నెలు తోముతూ ఐదోది పాడుకునేది, ఎవరూ అడ్డం చెప్పకపోతే. ఇప్పుడు మొదటిసారి ఆ చిన్న ప్రార్థన గదిలో అడుగు పెట్టింది.

"ఆడమనిషిగా కాదు, యంత్రం వెంట వచ్చిన మనిషిగా రానిస్తున్నాను," అన్నాడు మత్తియు తాత. "ఆ మూల నిలబడు. దగ్గకు."

నలుగురూ నిలబడ్డారు. బొనారియా ఒకే మైకు పెట్టింది, తలల ఎత్తులో, మూడడుగుల దూరంలో. అక్కడి నుంచి చూస్తే ఆమెకి కనపడింది: బైంజు భుజానికీ తోమేయు భుజానికీ మధ్య అరచెయ్యంత సందు.

"పెద్రూ, నీ పక్కనాయనకి చెప్పు, మోచెయ్యి నాకు తగులుతోందని," అన్నాడు బైంజు.

"పెద్రూ, ఆయనకి చెప్పు, తగలకూడదంటే పక్క ఊరెళ్లి నిలబడమని," అన్నాడు తోమేయు.

రొట్టెల కొట్టు పెద్రు పైకప్పు వంక చూశాడు. పాడారు. నాలుగు గొంతులు బ్రహ్మాండంగా ఉన్నాయి. నాలుగే ఉన్నాయి.

రికార్డింగు వినిపిస్తే అందరూ కలిసి యంత్రం మీద పడ్డారు. ఆ డబ్బాకి ఆవిడ వినపడదన్నారు. ఇటలీ వాడు చేసిన మైకు ఇంతేనన్నారు, తమ దీవి ఇటలీలో కాక చంద్రమండలంలో ఉన్నట్టు. మత్తియు తాత మాత్రం యంత్రాన్ని తిట్టలేదు. టోపీ పెట్టుకుని, "ఆవిడ లేకుండా దాని మీద మా సంఘం సంతకం ఉండదు," అని వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి బొనారియాకి ఇంకో ఉద్యోగం తగులుకుంది. పొద్దున్నే రొట్టె కొనడానికి వెళితే పెద్రు బల్ల మీదుగా వంగి గుసగుసలాడాడు.

"బొనారియా, అసలు సంగతేంటంటే నా గొంతు కాస్త తగ్గిపోయింది. ఆ బొత్తాం ఏదో నా వైపు కొంచెం తిప్పావంటే ఆవిడ తప్పకుండా వస్తుంది."

"తిప్పుతాలే పెద్రన్నా."

సాయంత్రం బస్సు దిగేసరికి పైగొంతు పాడే తపాలా ఆఫీసు జెజిను కాచుకుని ఉన్నాడు. అతనిదీ అదే కోరిక. తోమేయు తన పడవల షెడ్డు ముందు ఆమెని ఆపి, మిగతా ముగ్గుర్నీ కాస్త నొక్కమన్నాడు. మరీ ముఖ్యంగా ఒకడిని. ఎవడినో చెప్పలేదు, చెప్పక్కర్లేదు. ఆఖరికి సొంత అన్నయ్య కూడా గొర్రె జున్ను ముక్క ఒకటి పట్టుకుని ఇంటికొచ్చాడు.

"నీకు తెలీనిదేముందే. పునాది బలంగా ఉంటేనే కదా మేడ. మంద్రం పెంచు."

"ఒకే మైకు అన్నయ్యా. అందులో నువ్వొక్కడివే విడిగా లేవు. నిన్ను పెంచితే వాణ్ణీ పెంచినట్టే."

బైంజు జున్ను బల్ల మీద పెట్టి, మొహం గంటు పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంకో రెండుసార్లు ప్రయత్నించారు. మైకు దగ్గరికి జరిపింది, దూరం జరిపింది, నేల మీద కంబళి పరిచింది, తీసేసింది. ఆవిడ రాలేదు. రావడానికి ఆ అరచెయ్యంత సందు ఒప్పుకోవడం లేదని బొనారియాకి తెలుసు. ఆ మాట అంటే వాళ్లు అసలు పాడటమే మానేస్తారనీ తెలుసు. మూడో రోజు మత్తియు తాత గోడకి చేరగిలబడి, ఈస్టర్ ముందు సోమవారం ఊరేగింపుకి ఈ నలుగుర్నీ పంపడమా, అసలు పాటే లేకుండా నడవడమా ఆలోచిస్తున్నానన్నాడు. తాతల నాటి నుంచి పాట లేకుండా ఆ ఊరేగింపు కదల్లేదు. గడువుకి ఆరు రోజులుంది.

ఆదివారం మధ్యాహ్నం బొనారియా బీరువాలో దూరింది.

హోటల్ వాళ్లు పారేసిన బొంతలు నాలుగు బీరువా లోపల వేలాడదీసింది. గదిలో చప్పుళ్లు చావాలంటే బట్టల్ని మించినవి లేవని మేష్టారే చెప్పాడు. మైకు పట్టుకుని కింద కూర్చుంది. మోకాలు ముడవనివ్వలేదు, కాలు బయటికి చాపి తలుపు ఓరగా వేసుకుంది. చెవుల్లో ఆ నలుగురి పాట పెట్టుకుని, వాళ్ల తలల మీద ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబడి, సన్నగా, పెదవులు కదిలీ కదలనట్టు పాడింది. ఎన్నేళ్లయిందో అలా పాడి. పాడుతుంటే ఏడుపొచ్చింది. ఎందుకో ఆలోచించే ఓపిక లేక కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి పాడింది.

తర్వాత కూర్చుని తన గొంతుని బాగా కిందికి దింపింది, ఉందా లేదా అనేంత. అంచులు కోసింది. మధ్యమధ్య తను తీసుకున్న ఊపిరులన్నీ ఏరేసింది, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. పది ఏరింది. పదకొండోది ఉందో లేదో గుర్తులేదు, కంప్యూటర్ ముందే నిద్రపోయింది.

బుధవారం సాయంత్రం ప్రార్థన గదిలో వినిపించింది. రెండో చరణంలో ఆవిడ లేచింది. పెద్రు శిలువ గుర్తు వేసుకున్నాడు. జెజిను నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. మత్తియు తాత టోపీ తీసి గుండెకి అదుముకున్నాడు. బైంజు తల వంచుకుని పాట చివరిదాకా విన్నాడు. తర్వాత ఉన్నట్టుండి తోమేయు వైపు తిరిగాడు.

"ఒరేయ్," అన్నాడు. రెండేళ్లలో అదే మొదటి మాట. "నాది మేక గొంతేరా. ఒప్పుకుంటున్నా."

"నోర్ముయ్యి," అన్నాడు తోమేయు. "తాగి వాగిందాన్ని రెండేళ్లు మోస్తావట్రా, గాడిదా?"

ఇద్దరూ కావలించుకున్నారు. ఇద్దరు పెద్ద మగాళ్లు అలా వెక్కివెక్కి ఏడుస్తుంటే చూడ్డానికి బొనారియాకి మొహం చెల్లలేదు. తీగలు చుట్టుకుంటూ నిలబడింది. నలుగురూ సంతకాలు పెట్టారు. కింద తన సంతకం తనూ పెట్టింది, బయటి నుంచి ఏమీ కలపలేదని.

గురువారం లుస్సోరియో మేష్టారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పది నిమిషాలూ కదలకుండా విన్నాడు. ఒకచోట వెనక్కి తిప్పాడు. మళ్లీ విన్నాడు. మళ్లీ తిప్పాడు. ఆ తర్వాత హెడ్‌ఫోన్లు తీసి ఆమె చెవులకి తగిలించి మీట నొక్కాడు. నాలుగో చరణానికి ముందు, గాజులా నున్నని ఆ గొంతు వెనకాల, పిసరంత పిల్లికూత.

"మా అమ్మమ్మది మీ పక్క ఊరే," అన్నాడు మేష్టారు. "పాటలో వచ్చే ఆవిడ ఊపిరి తీసుకోదమ్మా. ఆవిడకి ఊపిరితిత్తులు లేవు."

బొనారియా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"పంతొమ్మిదో చప్పుడు," అన్నాడాయన. జేబులో ఆ పాత చీటీ ఉందో లేదో కాని, చెయ్యి అటే వెళ్లింది. "ఇంత బాగా కలిపినవాళ్లని నా సర్వీసులో చూడలేదు. ఇంత అబద్ధంగా కలిపినవాళ్లని కూడా. మొట్టమొదటి రికార్డింగు ఉందా?"

"ఉంది. అందులో ఆవిడ లేదు."

"లేకపోనీ. అది చక్కగా పట్టి ఉంటావు, నాకు తెలుసు. ఆ నలుగురికీ ఇది కాదు అది అని చెప్పి, కొత్తగా సంతకాలు పెట్టించుకురా. సోమవారం దాకా ఆగుతాను. నాటకశాల వాళ్లకి మొదటి పేరు నీదే రాస్తాను."

"చెప్పాలా?"

"చెప్పకుండా ఎలా పెడతారు?"

తిరుగు బస్సులో ఆమెకి మొదటిసారి కునుకు పట్టలేదు. చెప్తే ఏమవుతుందో బస్సు అద్దంలో సినిమాలా కనపడుతోంది. మత్తియు తాత టోపీ మళ్లీ తలకెక్కుతుంది. మేకా గాడిదా మళ్లీ విడిపోతాయి, ఈసారి రెండేళ్లకి కాదు. చెప్పకపోతే పదకొండు గదులు. బస్సు దిగి నడుస్తుంటే తోమేయు షెడ్డులోంచి నవ్వులు వినపడ్డాయి. ఒకటి అన్నయ్యది. ఇద్దరూ పల్చరొట్టె విరుచుకు తింటూ ఎవరినో ఆడిపోసుకుంటున్నారు. బొనారియా ఆగకుండా ముందుకెళ్లిపోయింది.

సోమవారం మేష్టారి దగ్గర ఖాళీ చేతులతో నిలబడింది.

"నా దగ్గర ఇవ్వడానికేమీ లేదు మేష్టారూ. నా పేరు కొట్టెయ్యండి."

ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "అక్టోబరులో మళ్లీ కోర్సు పెడతారు."

"ప్రభుత్వం ఒక మనిషికి ఒక్కసారే ఇస్తుంది కదండీ."

"అవును," అన్నాడు మేష్టారు.

ఈస్టర్ ముందు సోమవారం, తెల్లవారుతుండగా ఊరేగింపు బయల్దేరింది. బొనారియా హోటల్ యూనిఫాం మీద కోటు వేసుకుని, చేతిలో సంచీతో మలుపు దగ్గర నిలబడింది. తెల్ల అంగీలు, తెల్ల ముసుగులు వేసుకున్న నలుగురూ ఆ మలుపులోనే ఆగి ఒకరికొకరు దగ్గరగా జరిగారు. మొహాలు కనపడకపోయినా ఎవరు ఎవరో ఆమెకి తెలుసు. ఆ ఇద్దరి భుజాల మధ్య ఇప్పుడు సందు లేదు.

పాట ఎత్తుకున్నారు. అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని చప్పుళ్లు లెక్కపెట్టింది: సముద్రం, చెప్పుల రాపిడి, ఎవరిదో దగ్గు, నాలుగు గొంతులు. రెండో చరణంలో ఆవిడ వచ్చింది. బొనారియా చెవులు రిక్కించుకుని కాచుకుంది. నాలుగో చరణానికి ముందు నలుగురూ ఒకరి తర్వాత ఒకరు ఊపిరి తీసుకున్నారు. ఆవిడ తీసుకోలేదు. గొంతు తెగకుండా సాగిపోయింది. బొనారియాకి ఒళ్లు జలదరించింది. ఎంత సంతోషం వేసిందో అంత కుళ్లూ వేసింది.

పాట ఆగాక మంచినీళ్ల కోసం అందరూ చెదిరారు. బైంజు ముసుగు పైకెత్తి, చెమట తుడుచుకుంటూ ఆమె దగ్గరికొచ్చాడు.

"విన్నావా?"

"విన్నా."

"ఈసారి ఊపిరి తీసుకోలేదు."

ఆమెకి ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. సంచీ కింద పెట్టింది.

"నీకు తెలుసా?"

"పన్నెండేళ్లు గోడకి అటు నువ్వు, ఇటు నేను. ఆ పిల్లికూత వింటూ నిద్రపోయినవాణ్ణి. నాకు తెలీదూ?"

"మరి తెలిసి వాణ్ణెందుకు కావలించుకున్నావు?"

"సిగ్గేసిందే," అన్నాడు బైంజు నేల చూస్తూ. "మా ఇద్దరి మొండితనానికి, నువ్వెక్కడో దాక్కుని ఆవిడ పని కూడా నువ్వే చెయ్యాల్సొచ్చింది. పొద్దున్నుంచి గదులు తుడిచి, పైగా ఇదొకటి. వాడికి మాత్రం చెప్పకు. వాడు నిజమనే అనుకుంటున్నాడు." తర్వాత మొహం వెలిగించుకుని అడిగాడు. "అవునూ, సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు?"

"ఇవ్వరు. మేష్టారు పట్టేశాడు. అసలుది వినిపించి మళ్లీ మీ సంతకాలు తెమ్మన్నాడు. తెస్తే మీకు తెలిసిపోతుందని నేనే మానేశాను."

బైంజు చెమట తుడుచుకుంటున్న చెయ్యి దించాడు.

"అడిగితే పెట్టేవాణ్ణి కదే. మిగతావాళ్ల సంగతి నేను చూసుకునేవాణ్ణి. ఒక్క మాట అడిగితే పోయేదా?"

"నువ్వొక్క మాట చెప్తే పోయేదా?"

ఆ క్షణాన అతని చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది ఆమెకి. ఆ కోపానికి సరిపడా ఓపిక మాత్రం ఒంట్లో లేదు. అన్నయ్య కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అవతలి నుంచి తోమేయు కేకేశాడు, మేకా, మళ్లీ ఎత్తుకోవాలి రారా అని.

"వెళ్లు," అంది బొనారియా. "పిలుస్తున్నాడు."

అతను రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసి, ముసుగు దించుకుని వెళ్లాడు. బొనారియా సంచీ భుజానికి తగిలించుకుంది. ఆరున్నరకల్లా వస్తానని చెప్పి ఒక్క అరగంట అడుక్కుని వచ్చింది. వెనకాల నలుగురూ మళ్లీ పాట మొదలుపెట్టారు, చూస్తుండగానే ఐదుగురయ్యారు. హోటల్ దాకా అంతా ఎగువ దారి. ఆ గొంతు గేటు దాకా తెగకుండా వినపడుతూనే ఉంది. బొనారియా మధ్యలో రెండు చోట్ల ఆగి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది.